రెండు కంఠములు, ఒక్క పాట

ప్రతి సంవత్సరమును వార్షికోత్సవము సమీపించినప్పుడు మన పాఠశాలలో ఒక దృశ్యము తప్పక కానవచ్చును. సాయంకాలము గంట కొట్టిన పిమ్మట పాటల బృందమునకు పిల్లలను ఏర్చుటకై హార్మోనియము చుట్టును అందరిని నిలిపి, ఒక్కొక్కరిచేత ఒక్కొక్క చరణము పాడింతుము. కంఠము తేనెవలె నున్నవారు ఒకవైపునకు పోవుదురు. తక్కినవారు పుస్తకముల సంచి భుజమున వైచుకొని, తల వంచుకొని యింటిదారి పట్టుదురు. ఈ యేడు అట్లు వెనుదిరిగినవారిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు గలడు. నిరుటివరకు వాని గొంతు పిల్లనగ్రోవివలె నుండెడిది. ఇప్పుడది పగిలి, ఒకమారు పాతాళమునకు జారుచు, ఒకమారు కీచుమని పైకెగయుచున్నది. వాడు గుమ్మముకడ నిలిచి, "మాస్టారూ, ఇంక నేను పాడకూడదాండీ?" యని యడిగెను. నేనప్పుడు సరియైన యుత్తరము చెప్పలేకపోతిని. ఆలస్యముగానైనను ఆ యుత్తరమును ఇచ్చట వ్రాయుచున్నాను. ఇది వానికి మాత్రమేగాక యింటిదారి పట్టిన యందరికిని చెందును.

విద్యార్థులారా! పాటకు తీయని గొంతే ప్రధానమను నమ్మకము మనలో గట్టిగా నాటుకొనియున్నది. ఇద్దరు కలిసి పాడవలెనన్న ఇద్దరి గొంతులును ఒక్క తీరున నుండవలెనను నమ్మకము అంతకంటె గట్టిది. కాడికి గట్టు నెడ్లను రైతు ఈడుజోడు చూచి కొనును. ఒకటి పొడుగును మరొకటి పొట్టియు నైనచో చాలు వంకరపోవును. పాటయు నట్టిదే యని మనము తలంతుము. కాని సంగీతమున జోడనగా వేరు. మృదంగమును చూడుడు. కుడివైపు మూతకు నల్లని కరణ వేసి స్ఫుటమైన నాదమును, ఎడమవైపు మూతకు తడిరవ్వ యద్ది గంభీరమైన నాదమును పుట్టింతురు. ఆ రెండు మూతలును ఒక్కరీతిగా మ్రోగినచో ఆ వాద్యమునకు పనియే లేదు. భేదమే దానికి ప్రాణము. జంటపాటయు నిట్లే. ఈ సంగతిని తెలుగువారు డెబ్బది యేండ్లకు పైగా పాడుకొనుచున్న యొక పాటవలనను, సముద్రముల కావల పుట్టిన మరికొన్ని పాటలవలనను తెలియజెప్ప యత్నించెదను.

మొదట జంటపాటలోని చిక్కేమో తెలిసికొందము. మన గొంతులోని స్వరతంతువులు కంపించుటచే నాదము పుట్టును. మాటలాడునప్పుడు ఎదిగిన పురుషుని స్వరతంతువులు సెకనునకు సుమారు 100 మొదలు 130 మారులు కంపించును; స్త్రీకి సుమారు 200 మారులు. అనగా స్త్రీకంఠము పురుషకంఠముకంటె దాదాపు ఒక స్థాయి యెత్తున నుండును. ఈ కారణముచేతనే కచేరీలలో పురుషులు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతిలోను పాడుదురు. మరి యిద్దరును ఒకే పాట పాడవలసివచ్చినప్పుడు ఏ శ్రుతి నిర్ణయింపవలెను? పురుషునికి అనువైన శ్రుతి పట్టినచో స్త్రీకంఠము క్రిందిస్వరములలో అణగిపోవును. స్త్రీకి అనువైనది పట్టినచో పురుషుడు పైస్థాయిలో గొంతు చించుకొనవలెను. సంగీతదర్శకుడు ఒక నడిమి శ్రుతిని చూచుకొని, ఎవరి గొంతున కేది నప్పునో ఆ స్వరముల చుట్టును వరుస కట్టవలెను. అందుచే జంటపాటకు వరుస కట్టుట సంగీతమే యైనను, అందులో మధ్యవర్తి పనియు గొంత కలదు. ఇద్దరును ఏదో కొంత వదలుకొనవలెను. కాని ఎవరును తమ గొంతునే వదలుకొనరాదు.

ఈ పనిని ఎంత హాయిగా నెరవేర్పవచ్చునో చూపిన చలనచిత్రము 1955వ సంవత్సరమున వెలువడిన "మిస్సమ్మ". విజయా సంస్థవారు నిర్మించిన ఈ చిత్రమునకు ఎల్. వి. ప్రసాదు దర్శకుడు, సాలూరి రాజేశ్వరరావు సంగీతదర్శకుడు, పింగళి నాగేంద్రరావు మాటలను పాటలను వ్రాసినవాడు. రవీంద్రనాథ మైత్ర వ్రాసిన "మన్మొయీ గర్ల్స్ స్కూల్" అను వంగనాటకము దీనికి మూలము. కథ మనవంటివారికి మరింత ప్రియమైనది, ఏలయన నది బడిపంతుళ్ల కథ. పట్టపరీక్షలో నెగ్గియు కొలువు దొరకని క్రైస్తవయువతి మేరి; ఆమెవలెనే కొలువు లేని హిందూయువకుడు రావు. ఒక జమీందారు తన పాఠశాలకు దంపతులైన పట్టభద్రులే ఉపాధ్యాయులుగా కావలెనని ప్రకటించును. ఆకలి మతభేదము నెరుగదు గనుక వారిద్దరును భార్యాభర్తలమని బొంకి ఆ కొలువులలో చేరుదురు. ఇక బయట దాంపత్యము, లోపల తగవులాట! మేరిగా సావిత్రియు, రావుగా ఎన్. టి. రామారావును నటించిరి.

ఆ తగవులాట నడుమ వెన్నెలరాత్రి వారిద్దరును చందమామను పిలిచి ఒకరిపై నొకరు ఫిర్యాదు చెప్పుకొను పాటయొకటి గలదు. దాని యెత్తుగడ వినని తెలుగువాడుండడు గనుక నిచ్చట వ్రాయనక్కరలేదు. తెరపై కదలినవి రామారావు, సావిత్రుల పెదవులు. పాడినవారు ఏ. ఎం. రాజా, పి. లీల. ఈ యిద్దరి గొంతులకును గల యంతరమును గమనింపుడు.

రాజా 1929లో చిత్తూరు జిల్లాలో జన్మించెను. మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో చదివి, 1950 ప్రాంతమున చిత్రసీమలో ప్రవేశించెను. ఆయన గొంతు పట్టువలె మెత్తనిది. ఎంత యెత్తు స్వరమునైనను గట్టిగా నొక్కి పాడడు. చెవిదగ్గర నిలిచి చెప్పుచున్నట్లే పాడును. రంగస్థలముపై మైకు లేకుండ పద్యము లెత్తుకొను కాలములో ఈ గొంతు నాలుగవ వరుస దాటకపోయెడిది. మైకు వచ్చిన పిదపనే అట్టి గొంతునకు రాజ్యము వచ్చెను. లీల 1934లో కేరళమునందలి చిత్తూరులో, పాలక్కాడు సమీపమున, జన్మించెను. మలయాళము ఆమె మాతృభాష. బాల్యమునుండి కర్ణాటకసంగీతము నభ్యసించుటచే ఆమె గొంతు నిండుగా, కుదురుగా, కంచుగంటవలె మ్రోగును. స్వరము మొదలునను చివరయు ఒక్క తీరున నిలుపగల బలము ఆమెది. ఇట్లు ఒకటి నీడవంటి గొంతు, ఒకటి యెండవంటి గొంతు. ఒకరి చదువు కళాశాలలోను, మరొకరి చదువు గురువులముందు కచేరీబాణిలోను సాగినవి.

పాటలో రావు తన బ్రతుకు సతమతమైనదని చెప్పుకొనును. మేరి యతని మాటలన్నియు బూటకములని తిరుగ ననును. అతడు ఆమె మతము ఆమెదే యని నిష్ఠురమాడును. ఆమె యతనికి తగవులాటయే ముచ్చటయని తీర్పు చెప్పును. కఠినమైన మాటలే! ఇద్దరును లీలవలె నిండుగా పాడియుండినచో నది వీధికొళాయికడ కయ్యమయ్యెడిది. ఇద్దరును రాజావలె మెత్తగా పాడియుండినచో నది వట్టి ప్రేమగీతమై, తగవన్నది తెలియకపోయెడిది. అతని మెత్తని గొంతులో నిష్ఠురము సైతము లాలనవలె వినబడును. ఆమె నిబ్బరపు గొంతులో నవ్వు సైతము అభిమానమువలె వినబడును. మాటలు పోట్లాడుచుండగనే గొంతులు సమాధానపడుచుండును. ముందు జరుగబోవు కథ యంతయు, అనగా వారిద్దరును నిజముగనే దంపతులు కాగలరను మాట, ఆ పాటలో వినువానికి ముందుగనే తెలిసిపోవును.

ఇందు పింగళివారు చేసిన చమత్కారమొకటి వ్యాకరణము చదువు విద్యార్థులు గమనింపదగినది. తెలుగున "మేము" అనునది వేరు, "మనము" అనునది వేరు. వినువానిని వెలుపల నుంచి పలుకునది "మేము". వినువానిని కలుపుకొని పలుకునది "మనము". ఇంగ్లీషునందు రెంటికిని ఒక్కటే మాట. ఆ పాటలో రావు చెప్పు నిష్ఠురము లన్నింటిలోను లోతైనది ఇదియే: ఆమె తన యెదుట "మనము" అను మాటయే యనదట. కాని పల్లవిని వినుడు. అందు చందమామను పిలిచి చెప్పుకొనునది "మా" కథ! ఒకరితో నొకరు "మనము" అనలేని యా యిద్దరును, చంద్రుని యెదుట నిలిచినంతనే "మా" యని యొక్కటైపోయిరి. తగవు వారి యిద్దరిది, ఆ తగవులో మూడవవానికి చోటులేదు గనుక అప్పుడే వారొక జంట. జంటపాట యనగా నిదియే. ఇద్దరును ఒక్కమాట మీద నుండనక్కరలేదు; ఒక్క పాటలో నుండిన చాలును.

ఈ చిత్రము అదేకాలమున అరవమునందును నిర్మింపబడెను. అందును ఆ వరుసను ఆ గాయకులే పాడిరి. లీలకు ఆ రెండు భాషలును నేర్చుకొన్న భాషలే యని జ్ఞాపకముంచుకొనవలెను. ఆ దినములలో గాయకులును వాద్యకారులును ఒకే మందిరమున కూడి, పాట నొక్కబిగిని ముగింపవలసియుండెడిది. ఎవ్వరు తప్పినను అందరును మరల మొదటినుండి యెత్తుకొనవలెను. నేడు ఒకరు హైదరాబాదులోను ఒకరు ముంబయిలోను వేరువేరు దినములలో పాడగా యంత్రము వారిని జతపరచుచున్నది. అది తప్పుగాదు. కాని ప్రక్కనున్నవాని ఊపిరి వినుచు పాడుట యొక విద్య. ఆ విద్య యానాటి పాటలలో వినబడుచుండును.

ఇట్టి పాట రాజేశ్వరరావు చేత నేల సాధ్యమయ్యెనని యడుగవచ్చును. సాలూరు సమీపమునందలి శివరామపురము ఆయన జన్మస్థానము. బాలుడుగా నుండగనే 1935లో "శ్రీకృష్ణలీలలు" చిత్రమున కృష్ణుడుగా నటించి పాడెను. కలకత్తాలో నుండి ఆనాటి వంగసంగీతపు పోకడలను గ్రహించెను. రావు బాలసరస్వతీదేవితో గలిసి ఆయన పాడిన జంటపాటల గ్రామఫోను రికార్డులు 1940 తరువాతి యేండ్లలో తెలుగిండ్ల మారుమ్రోగెను. 1948లో జెమినీవారి "చంద్రలేఖ"కు సంగీతము గూర్చినప్పుడు మన రాగములతోపాటు పాశ్చాత్యవాద్యబృందమును విరివిగా వాడెను. అందలి ఢక్కానాట్యము దేశమంతటను ప్రసిద్ధికెక్కెను. 1954లో "విప్రనారాయణ" చిత్రమున రాజా మెత్తని గొంతును భానుమతి విలక్షణమైన గొంతుతో జతగూర్చినవాడును ఆయనయే. కావున భిన్నకంఠములను గూర్చుట ఆయనకు యాదృచ్ఛికము గాదు, అభ్యాసము.

పాశ్చాత్యవాద్యముల మాట వచ్చినది గనుక నిప్పుడు కొంచెము దూరము పోవలెను. భిన్నకంఠముల జోడును సహజధర్మముగా నెంచుకొన్న సంగీతమొకటి ప్రపంచమున గలదు. దానిపేరు జాజ్. అమెరికా దక్షిణభాగమునందలి న్యూ ఆర్లియన్సు నగరమున, పందొమ్మిదవ శతాబ్ది చివరను ఇరువదవ శతాబ్ది ఆరంభమునను, నల్లజాతివారి నడుమ నిది పుట్టెను. 1917లో దీని మొదటి గ్రామఫోను రికార్డు వెలువడెను. బానిసలుగా ప్రత్తిచేలలో చాకిరిచేసిన వారి పనిపాటలు, చర్చిలలో వారు పాడుకొన్న భక్తిగీతములు, సైనికబాకాల బృందములు, వీటన్నింటి కలయికయే జాజ్.

మన సంగీత మెరిగినవారికి దీని లక్షణములు అంత క్రొత్తవి గావు. మన పాట తాళముతో సమముగా నెత్తుకొన్న సమగ్రహమందురు. తాళమునకు ముందుగనో వెనుకగనో యెత్తుకొన్న విషమగ్రహమందురు. జాజ్ లయలో నిట్టి విషమత్వమే యడుగడుగునను వచ్చును. బలముగా వేయవలసిన దెబ్బ వదలి, బలహీనమైన దెబ్బపై నూనిక వేయుదురు. దానివలన పాట నడచుచున్నట్లుగాక ఊగుచున్నట్లు తోచును. మన విద్వాంసులు స్వరకల్పనమున మనోధర్మమును చూపినట్లే, జాజ్ వాద్యకారులును ఇచ్చిన వరుసను అప్పటికప్పుడు పెంచి పాడుదురు. కొన్ని స్వరములను కొంచెము తగ్గించి, వంచి పలికింతురు. గమకము నెరిగిన చెవికి అది వెంటనే తెలియును. ఇక నొకరు పలుకగా మరియొకరు బదులుచెప్పు పద్ధతి యందు ముఖ్యము. దీనికై అమెరికాకు పోనక్కరలేదు. వరినాట్ల కాలమున మన రామచంద్రపురపు చేలగట్లపై నిలిచి వినుడు. ఒకామె గట్టిగా పాట యెత్తును. వెనుకనున్న పదిమంది పది తీరుల గొంతులతో నందుకొందురు. ఆ పదింటిలో బొంగురుగొంతు లేదా? ఉన్నది. దానిని ఎవరైన మడినుండి వెలికి పంపిరా? పంపలేదు. పనిపాటలనుండి పుట్టిన సంగీత మెక్కడను గొంతునుబట్టి మనిషిని వెలివేయదు.

జాజ్‌నందు ఈ ధర్మమునకు గొప్ప నిదర్శనము 1956లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎల్లా ఫిట్జెరాల్డ్ అనువారు కలిసి పాడిన జంటపాటల సంపుటము. ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూ ఆర్లియన్సులో పుట్టిన ట్రంపెట్టు విద్వాంసుడు. ఆయన గొంతు కంకరరోడ్డుపై బండిచక్రమువలె గరగరలాడును. ఎల్లా కంఠము కడిగిన గాజువలె స్వచ్ఛమైనది. ఆ గరగర ప్రక్కన ఆ స్వచ్ఛత మరింత మెరయును. ఆ స్వచ్ఛత ప్రక్కన ఆ గరగరలోని యార్ద్రత బయల్పడును.

ఈ సంగీతము మనదేశమునకును వచ్చెను. 1930 తరువాత బొంబాయి, కలకత్తా నగరముల పెద్దహోటళ్లలో జాజ్ బృందములు వాయించెడివి. గోవానుండి వచ్చిన వాద్యకారులు దానిని నేర్చి, పగలు చిత్రశాలలలో పనిచేసిరి. 1951లో "అల్బేలా" యను హిందీచిత్రమునకు సి. రామచంద్ర సంగీతము గూర్చుచు, చిక్ చాక్లెట్ అను పేరుతో ప్రసిద్ధుడైన గోవా ట్రంపెట్టు విద్వాంసుని తోడ్పాటు గైకొనెను. అందలి జంటపాటలను లతా మంగేష్కరుతో గలిసి రామచంద్రయే పాడెను. అచ్చటను ఒకటి సన్నని తీగవంటి గొంతు, మరొకటి సామాన్యుడైన పెద్దమనిషి గొంతు. ఆ పాటలు దేశమంతటను పాడుకొనబడినవి.

జంటపాటలను నమ్ముకొని, చిత్రమునంతటిని జాజ్ బాణిలో నడపిన ప్రయత్నము 1982లో అమెరికాలో వెలువడిన "వన్ ఫ్రమ్ ది హార్ట్". దీనికి ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా దర్శకుడు. లాస్ వేగాస్ నగరమున ఐదేండ్లుగా కలిసియున్న యొక స్త్రీపురుషులు తమ కలయిక దినముననే పోట్లాడుకొని విడిపోయి, వేరువారి వెంటబోయి, తుదకు మరల నొక్కటగుట యిందలి కథ. దర్శకుడు ఆ నగరమునకు పోక, దాని వీధులను దీపములను తన చిత్రశాలలోనే కట్టించెను. పాటలను రచించి స్వరపరచినవాడు టామ్ వెయిట్స్. పాడినవారు వెయిట్స్, క్రిస్టల్ గేల్. వెయిట్స్ గొంతు ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతుకంటెను మోటైనది. తెల్లవార్లును నిద్రలేక పొగలో కూర్చుండినవాడు మాటలాడినట్లుండును. గేల్ అమెరికా పల్లెపాటల బాణిలో పేరుపొందిన గాయని. ఆమె గొంతులో మచ్చుకైనను మరక లేదు. పియానో, డబుల్ బేసు, టెడ్డీ ఎడ్వర్డ్సు సాక్సఫోను, జాక్ షెల్డను ట్రంపెట్టు వారికి తోడయ్యెను.

మిస్సమ్మకును దీనికిని పోలిక చూడుడు. ఇచ్చటను ఒక జంటపాటలో ఇద్దరును ఫిర్యాదులే చెప్పుకొందురు. ఒకరు చిందరవందర చేసినదానిని మరొకరు సర్దవలసివచ్చుచున్నదను గృహకలహమే దాని వస్తువు. చంద్రుడు మాత్రము సాక్షిగా లేడు. భేదమును గలదు. మిస్సమ్మలో గొంతు నటుని పెదవులకు అంటియుండును. ఈ చిత్రమున కథానాయకులు సాధారణముగా పాడరు. ఎక్కడనో కానరాని యిద్దరు వారి మనస్సులలోని మాట పాడుచుందురు. తెరపైనున్నవారు విడిపోయి వేరువేరు వీధుల తిరుగుచుండగా ఆ రెండు గొంతులు కలిసియే యుండును. ఒకరికి దూరమైన మరొకరు ఎక్కడికి పోయినను పాట నుండి బయటకు పోలేదని వినువాడు గ్రహించును.

ఈ చిత్రమునకు సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు వ్యయమయ్యెను. ప్రదర్శనలవలన వచ్చినది 10 లక్షలైనను లేదు. దర్శకుడు తన చిత్రశాలను పోగొట్టుకొని, యేండ్లతరబడి అప్పులు తీర్చుకొనవలసివచ్చెను. కాని పాటలు నిలిచినవి. ఆ సంవత్సరపు ఆస్కారు బహుమానమునకు వాటి పేరు పరిశీలింపబడెను. నలుబదియేండ్లు దాటినను సంగీతప్రియులు వాటిని వెదకికొని వినుచున్నారు. చిత్రము పడిపోయినను పాట బ్రతుకుటకు కారణము లనేకము లుండవచ్చును. కాని విన్నవారికి మొదట జ్ఞాపకమునకు వచ్చునది మాత్రము ఆ పొసగని రెండు గొంతులు పొసగిన తీరే.

దూరపు సంగతులు చాలును. మన గోదావరిసీమకు మరలివత్తము. మిస్సమ్మ చిత్రముననే రేలంగి వెంకట్రామయ్య తన హాస్యపాత్రకు తన గొంతుతోనే పాడుకొనెను. ఆయన మనవాడే, రావులపాలెము ప్రాంతపు రావులపాడున పుట్టినవాడు. ఆయన కంఠమును తేనెయని యెవ్వరు నన్నది లేదు. ఆ పాటలకు మాత్రము అదే తగినది. కాకినాడకు చేరువనున్న పిఠాపురమువాడైన పిఠాపురము నాగేశ్వరరావును, మాధవపెద్ది సత్యమును హాస్యగీతములకు పెట్టినది పేరు. 1962లో వచ్చిన "కులగోత్రాలు" చిత్రమున పేకాటలో సొమ్ము పోగొట్టుకొన్నవారి పాటను వారిద్దరును పాడిరి. అందులో ఇద్దరును పురుషులే యైనను ఒకరి గొంతును మరొకరి గొంతుగా పొరబడువాడుండడు. అట్లు పొరబడిన హాస్యమే లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. "ఇంక నేను పాడకూడదాండీ?"

నాయనా, నీ గొంతు చెడిపోలేదు, పెరుగుచున్నది. సుమారు పండ్రెండు పదునైదేండ్ల నడుమ బాలుర స్వరపేటిక వేగముగా పెరిగి, స్వరతంతువులు పొడుగై దళసరియగును. పొడుగైన తీగ క్రింది స్వరమును పలికినట్లే, గొంతు దాదాపు ఒక స్థాయి క్రిందికి దిగును. బాలికల గొంతును కొంత మారును గాని ఇంత కాదు. ఈ మార్పు కుదుటపడునంతవరకు గొంతుపై నీ యధికారము పూర్తిగా నుండదు. అప్పుడు చేయగూడనిది పాతయెత్తును పట్టుకొని అరచుట. చేయవలసినది క్రిందిశ్రుతిలో మెల్లగా, కొద్దిసేపు, బలవంతము లేకుండ పాడుకొనుట; గొంతు నొచ్చినచో నిలుపుట; ఇతరుల పాటను శ్రద్ధగా వినుట. ఈ చివరిది అన్నిటికంటె ముఖ్యము. జంటపాటలో సగము పాట, సగము వినికిడి. తాను ఎప్పుడు ఊరకుండవలెనో తెలిసినవాడే ఎప్పుడు పలుకవలెనో తెలిసినవాడు.

తలిదండ్రులకు నొక్క మనవి. మీ పిల్లవాని గొంతు పగిలినప్పుడు ఇంటిలో నవ్వకుడు. ఆ వయస్సున నవ్విన నవ్వు చిరకాలము జ్ఞాపకముండును. నా చిన్నతనమున నొక పాఠశాలలో ఒక పెద్దమనిషి నన్ను బృందమునుండి తీసివేయక, "నీవు పెదవులు మాత్రము కదుపుము" అనెను. చిత్రములలో నటులు చేయు పని యదియేనని యెరిగియుండినచో నప్పుడు నవ్వుకొనియుందును. ఎరుగను గనుక నలువదియేండ్లు మరువలేదు. అట్టి మాట మరియొక పిల్లవానికి నా వలన వినబడగూడదని నా కోరిక. ఆనాడు గుమ్మముకడ నేను పలుకని మాట వానికి అంతపనియు చేసియుండునేమో యను భయమే యీ వ్యాసము వ్రాయించినది.

కావున గతవారము వానిని మరల పిలిచితిని. వార్షికోత్సవమునకు ఎన్నుకొన్న పాటలో ఒక చరణము నిద్దరికి పంచితిమి. పైవరుస ఎనిమిదవ తరగతి బాలికది. ఆమె గొంతు సన్నగా, సూటిగా పోవును. క్రిందివరుస వానిది, కేవలము నాలుగు పంక్తులు. అభ్యాసపు మొదటిదినమున వాని గొంతు రెండుమార్లు జారెను. వెనుక వరుసలో నొకడు నవ్వెను. ఆ బాలిక నిలువక, చూపు మరల్పక, తన పంక్తి పాడుచునే యుండెను. వాడు మరల వచ్చి యామెను కలిసికొనెను. అప్పుడు హార్మోనియముపై నా వ్రేళ్లు ఒక్క క్షణము ఆగినవని చెప్పుటకు నాకు సిగ్గు లేదు.

ఉత్సవదినమున మీరందరును విందురు. ఆనాడును వాని గొంతు జారవచ్చును, జారకపోవచ్చును. జారినచో నవ్వక, ఆ రెండవ గొంతు వానికై యెట్లు వేచియుండునో వినుడు.